దారి తిండీ, ఇంటి తీపీ

కిందటి వారం ఒక సోదరి ఉత్తరం రాశారు.

"సంక్రాంతి సెలవులకి కోనసీమ చూపించమని పిల్లలు ప్రాణాలు తోడేస్తున్నారు. కారులో మూడు రోజులపాటు వెళ్ళివద్దామని అనుకుంటున్నాం. మావాళ్ళెవరికీ బయట తిండి పడదు. మా అత్తగారికి డెబ్బయి ఆరేళ్ళు. మూడు రోజులకీ సరిపడా ఇంటి దగ్గరనుంచే వండి పట్టుకుపోవాలా? దారిలో ఏ హోటలు మంచిది? వచ్చేటప్పుడు ఏ మిఠాయి కొనుక్కురావాలి?"

ఆవిడ అడిగినవి మూడు ప్రశ్నలు. మూడింటికీ నాకు తోచిన జవాబులు రాస్తాను. కాని ఉత్తరంలో అత్తగారి మాట ఒక్కసారి వచ్చి, మళ్ళీ రాలేదు. ఆవిడని తీసుకువెడుతున్నారో, ఇంట్లో వుంచి వెడుతున్నారో ఆ సోదరి రాయలేదు. నా మనసు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే మూడేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి ప్రయాణమే మేమూ కట్టాం. ముందు ఆ సంగతి చెబుతాను.

మేము విజయవాడలో వుంటాం. మా అత్తగారి పుట్టిల్లు ఆత్రేయపురానికి దగ్గర ఒక పల్లె. అక్కడ ఇప్పుడు ఆవిడ వాళ్ళంటూ ఎవరూ లేరు. ఇల్లు అమ్మేశారు. ఆవిడ ఆ వైపు వెళ్ళి పన్నెండేళ్ళు దాటింది. మేము ప్రయాణం అనుకుంటూ వుంటే ఒక సాయంత్రం ఆవిడ, "నేను కూడా రానా?" అని అడిగారు. ఒక్కసారే అడిగారు. మావారు, "అంతసేపు కూచోలేవమ్మా. మోకాళ్ళు పట్టేస్తాయి. నీకు పూతరేకులు డబ్బా తెస్తాంగా!" అన్నారు. "సరేలే నాయనా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

నిజం చెప్పొద్దూ, ఆ మాట విని నాకూ కాస్త హాయిగానే అనిపించింది. ఆవిడ వస్తే గంటకోసారి ఆగాలి. మెత్తటి అన్నం కావాలి. మెట్లు లేని గది చూసుకోవాలి. సెలవుకని వెళ్ళి ఈ అవస్థ ఎందుకని నేనూ నోరు మెదపలేదు. ఆవిణ్ణి పక్కింటి వాళ్ళకి అప్పగించి బయలుదేరాం.

మొదటి రోజు మధ్యాహ్నం హైవే పక్కన ఒక పెద్ద హోటలు దగ్గర ఆగాం. రంగురంగుల దీపాలు, అద్దాల తలుపులు, పుస్తకమంత మెనూ కార్డు. అందులో లేని దేశపు వంట లేదు. పిల్లలు నూడుల్సు అన్నారు, మావారు పనీరు కూర అన్నారు. ముప్పావు గంట కూచోబెట్టి, పైన నూనె తేలుతున్న గిన్నెలు తెచ్చి పెట్టారు. బిల్లు చూసి మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. గంట తిరక్కుండా మా చిన్నవాడు కారులోనే వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి అందరం మజ్జిగన్నం తిని పడుకున్నాం.

మర్నాడు పొద్దున్న రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేట వెళ్ళాం. అక్కడ పొట్టిక్కలు తిన్నాం. తెలియనివారికి చెబుతాను: నాలుగు పనసాకులు తీసుకుని, ఈనెపుల్లలతో గుచ్చి, చిన్న బుట్టలా కుడతారు. అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద వుడికిస్తారు. వేడివేడిగా ఆకు విప్పితే పనసాకు వాసన గుప్పుమంటుంది. పక్కన కొబ్బరి పచ్చడి. అంతే. మెనూ కార్డు లేదు, అద్దాల తలుపులూ లేవు. ముందు రోజు సాయంత్రం నుంచీ ఏమీ ముట్టని చిన్నవాడు నాలుగు తిన్నాడు. నలుగురం కడుపునిండా తిన్నా, హోటల్లో ఒక్క కూరకి ఇచ్చినంత కూడా కాలేదు.

ఆ పూట నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. బయట తిండి పడదని మనం అంటూవుంటాం. పడనిది బయట తిండి కాదు. ఆ ఊరిది కాని తిండి, ఆ వేళది కాని తిండి పడదు. ఏ ఊరివాళ్ళు రోజూ తినేది ఆ ఊళ్ళో తాజాగా వుంటుంది. పొద్దున్న చేసింది పొద్దున్నే అయిపోతుంది. వంద రకాలు రాసిపెట్టుకున్నచోట ఏ రకం ఎన్నాళ్ళనుంచి కాచుకుని కూచుందో ఎవరికి తెలుసు?

సరే, సోదరి మొదటి ప్రశ్నకి వద్దాం. మూడు రోజుల తిండి కట్టుకుపోనక్కరలేదు. మొదటి పూటకి మాత్రం తీసుకువెళ్ళండి. పులిహోర మంచిది. చింతపండు పులుపు, నూనె, ఉప్పు వుంటాయి కనక పొద్దున్న కలిపింది సాయంత్రం దాకా నిలవవుంటుంది. దద్ధోజనం కట్టుకుంటే మధ్యాహ్నం లోపల తినేయాలి. కొబ్బరి పచ్చడి మాత్రం దారికి పనికిరాదు. ఎండలో రెండు మూడు గంటలకే పాడవుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు మనిషికో సీసా చొప్పున పెట్టుకోండి. అయిపోతే కొబ్బరిబొండాం వుండనే వుంది. కోనసీమలో నీళ్ళకి వెతుక్కోవాలి గాని కొబ్బరిబొండానికి వెతుక్కోనక్కరలేదు.

రెండో ప్రశ్న, ఏ హోటలు మంచిదని. హోటళ్ళ పేర్లు నేను రాయను. నాకు బాగున్నది మీకు బాగుండకపోవచ్చు. ఇవాళ బాగున్నచోట రేపు వంటవాడు మారవచ్చు. పేర్లకి బదులు నేను పాటించే నాలుగు గుర్తులు చెబుతాను.

ఊరివాళ్ళు నిలబడి తింటున్నచోట తినండి. కారుల వరస కాదు, సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ వున్నాయేమో చూడండి.

పొయ్యిమీదనుంచి తిన్నగా ఆకులోకి వచ్చేది తినండి. ఆవిరి కుడుముకీ, అప్పుడే పెనం దిగిన అట్టుకీ సాధారణంగా భయం లేదు. కోసి పెట్టిన పళ్ళముక్కలూ, పొద్దుటినుంచీ మూత లేకుండా వున్న పచ్చడీ, ఎక్కడిదో తెలియని ఐసూ వద్దు.

వేళకి తినండి. పొద్దున్న ఏడూ ఎనిమిది మధ్య పల్లెటూరి టిఫిను తిన్నవాళ్ళు అదృష్టవంతులు. పదిన్నరకి వెడితే మిగిలినవి మాత్రమే దొరుకుతాయి. మధ్యాహ్నం భోజనానికైతే బస చేసినచోట ముందురోజు రాత్రే చెప్పండి. కోనసీమలో అడిగితే ఇంటి వంట చేసిపెట్టేవాళ్ళు వున్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందా బచ్చలి, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఇంతకన్న విందు ఏముంది? ఎన్నిటికి వస్తారో, ఎంతమందో చెబితే చాలు.

నాలుగోది, ఏ రుతువులో దొరికేది ఆ రుతువులోనే అడగండి. సంక్రాంతికి తేగలు వస్తాయి. కాల్చినవి తింటే ఒక రుచి, వుడకబెట్టినవి తింటే ఒక రుచి. ముంజెలు ఎండాకాలంలోగాని రావు. చేపలు తినేవాళ్ళకి ఒక మాట. పులస గోదావరికి వరద నీరు వచ్చే జులై నుంచి సెప్టెంబరు దాకా దొరుకుతుంది. సంక్రాంతికి తాజా పులస అని ఎవరైనా అంటే నవ్వి వూరుకోండి. మినపరొట్టె మాత్రం ఎప్పుడైనా దొరుకుతుంది. మందపాటి మూకుట్లో పిండి పోసి, కిందా నిప్పులే, మూతమీదా నిప్పులే పెట్టి కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా వుంటుంది. చెరకు పానకం దొరికితే నంచుకుని చూడండి.

ఇక మిఠాయి సంగతి. మా అత్తగారి కథలో మిగిలిన సగం ఇక్కడే వుంది.

మూడో రోజు ఆత్రేయపురం వెళ్ళాం. రావులపాలెం నుంచి బొబ్బర్లంక వైపు కాలవ గట్టున వెళ్ళే దారి అది. ఆ కాలవ చరిత్ర కాస్త తెలుసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించాడు. ఆ నీళ్ళు కాలవల్లోకి పారి డెల్టా అంతా వరిచేలయింది. బియ్యం, కొబ్బరి, పాడి సమృద్ధిగా వున్నచోట ఆడవాళ్ళ చేతుల్లో ఏ మిఠాయి పుడుతుంది? బియ్యంతోనూ, నేతితోనూ చేసేదే పుడుతుంది. పూతరేకు అలాంటిదే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు 2017లో బందరు లడ్డుకి వచ్చింది.

రేకు తీయడం చూడవలసిన విద్య. అక్కడివాళ్ళు జయ రకం బియ్యం వాడతారు. బియ్యం నానబెట్టి, వెన్నలా రుబ్బి, పలచటి పాలలా చేసుకుంటారు. పొయ్యి అంటే ఒక కుండే. గుండ్రటి కుండని బోర్లించి, ప్రక్కన కన్నం చేసి, అందులోంచి ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పలచటి గుడ్డ ముక్కని పిండిపాలలో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాలుతున్న కుండమీద ఒక్క లాగు లాగుతారు. కుండమీద పూత అంటుకుంటుంది. క్షణంలో అది ఆరి, అంచు లేచి, రేకై వూడివస్తుంది. పూత వేసి తీసిన రేకు కనకనే పూతరేకు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేలా వుంటుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే కుండకి అంటుకుంటుంది. ఆ మంట దగ్గర గంటల తరబడి కూచునేది ఎక్కువగా ఆడవాళ్ళే. డబ్బా ధర ఎక్కువని బేరం ఆడబోయిన నేను, ఆ మంట దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాక ఇంకేమీ అనలేదు.

అత్తగారికి మాట ఇచ్చాం కనక డబ్బా కొన్నాం. కట్టే ఆవిడ, "ఖాళీ రేకులు కూడా వున్నాయమ్మా. ఇంటిదగ్గర మీరే చుట్టుకోవచ్చు" అంది. చవగ్గా వుందని ఒక కట్ట పుచ్చుకున్నాను. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు.

ఇంటికొచ్చి డబ్బా అత్తగారి చేతిలో పెట్టాం. దేవుడి దగ్గర పెట్టి, ఒకటి విరిచి పిల్లలకి పెట్టి, చిన్న ముక్క నోట్లో వేసుకున్నారు. "బాగుంది" అన్నారు. అంతే. మర్నాటికి డబ్బా బల్లమీదే వుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఖాళీ రేకుల కట్ట విప్పాను. ఒకటి తీయబోతే చిరిగింది. రెండోది చుట్టబోతే పొడుము అయింది. మూడోదీ అంతే. గదిలోంచి చూస్తున్న అత్తగారు మెల్లిగా లేచి వచ్చి, "తడిగుడ్డ ఏదే?" అన్నారు. కుర్చీ లాక్కుని కూచున్నారు. తడిపి గట్టిగా పిండిన బట్టని బల్లమీద పరిచి, రేకుని దానిమీద ఒక్క క్షణం వుంచారు. రేకు మెత్తబడింది. నెయ్యి చిలకరించారు, బెల్లం పొడి చల్లారు, ఇంకో సగం రేకు వేశారు, రెండు అంచులూ మడిచి చుట్టేశారు. ఒకటి, రెండు, పది, ఇరవై. ఒక్కటి చిరగలేదు. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి వణికే చేతులు అవి.

"చిన్నప్పుడు మా పిన్ని రేకు తీసేది, నేను చుట్టేదాన్ని. చిరిగిపోయినవి నాకే. అందుకని రోజుకి రెండైనా చిరగాలని చూసేదాన్ని" అన్నారు. మా అమ్మాయి పకపకా నవ్వింది.

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చి పద్ధెనిమిదేళ్ళు. ఈ సంగతి ఒక్కనాడూ వినలేదు. "ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను. "ఎప్పుడూ డబ్బా కట్టించుకుని తెచ్చేవారు. చెప్పడానికేముంది, తినడమేగా!" అన్నారు. ఆ మాట ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

కనక మూడో ప్రశ్నకి నా జవాబు ఇది. చేసిన మిఠాయి కొనుక్కురండి, తప్పులేదు. వాళ్ళ కష్టానికి తగిన ఫలం. కాని దానితోపాటు ఇంటిదగ్గర పెద్దవాళ్ళ చేతిమీదుగా పూర్తికావలసింది కూడా ఏదైనా తీసుకురండి. ఖాళీ రేకులు తెండి. మంచి కొబ్బరికాయలు నాలుగు తెండి. కొత్తబెల్లం అచ్చు తెండి. అప్పుడు ఆ ఊరు మీ వంటింట్లోకి కూడా కాస్త వస్తుంది.

పిల్లలు కూడా చేయి వేయగలిగిన మూడు తీపి వంటలు కింద ఇస్తున్నాను. మూడింటిలోనూ బెల్లమే ప్రధానం. ముందుగా ఒక హెచ్చరిక. చక్కెర వ్యాధి వున్నవాళ్ళకి బెల్లమైతే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బెల్లం కూడా రక్తంలో చక్కెరని పెంచుతుంది. మావారికి ఆ జబ్బు వుంది. మా ఇంట్లో ఆయనకి ఇచ్చేది పండగనాడు ఒకటే, అదీ చిన్నది. డబ్బా మూత చప్పుడైతే మా అమ్మాయి కాపలా.

పూతరేకులు చుట్టుకోవడం

ఇరవై రేకులకి బెల్లం పొడి గ్లాసు, కరిగిన నెయ్యి అరగ్లాసు, యాలకులు ఆరు. బెల్లం పొడిగా వుండాలి. చెమ్మగా వుంటే సన్నగా తురిమి, కాగితంమీద పరిచి, ఒక పూట నీడన ఆరబెట్టి జల్లించండి. యాలకుల పొడి అందులో కలపండి. బల్లమీద తడిపి గట్టిగా పిండిన నూలు బట్ట పరవండి. రేకుని బట్టమీద పెట్టి వెంటనే పని మొదలుపెట్టాలి. ఎక్కువసేపు వుంచితే ముద్దవుతుంది. చెంచాడు నెయ్యి అంతటా చిలకరించి, రెండు చెంచాల బెల్లం పొడి చల్లి, పైన సగం రేకు పరిచి, మళ్ళీ కాస్త నెయ్యి, బెల్లం. రెండు అంచులు లోపలికి మడిచి, చాపలా చుట్టాలి. జీడిపప్పు పలుకులు వేయడం మీ ఇష్టం. మొదట రెండు మూడు చిరుగుతాయి. వాటికి చిన్నపిల్లలు కాచుకుని వుంటారు కనక వృథా కావు.

కొబ్బరి లౌజు

కొబ్బరి కోరు రెండు గ్లాసులు, బెల్లం తురుము గ్లాసు, నెయ్యి చెంచాడు, యాలకులు మూడు. కోరేటప్పుడు చిప్పకి అంటిన నల్లటి పొర రాకుండా చూసుకుంటే లౌజు రంగు బాగుంటుంది. బెల్లంలో పావుగ్లాసు నీళ్ళు పోసి కరగనివ్వండి. కరగ్గానే తప్పక వడకట్టండి. బెల్లంలో ఇసక వుంటుంది. వడకట్టిన నీళ్ళు మళ్ళీ పొయ్యిమీద పెట్టి, తీగలా సాగుతున్నప్పుడు కొబ్బరికోరు వేసి, సన్నని సెగమీద అడుగంటకుండా కలుపుతూ వుండాలి. ఇరవై నిమిషాలకి ముద్ద దగ్గరపడి మూకుడు అంచులనుంచి విడివస్తుంది. అప్పుడు నెయ్యి, యాలకుల పొడి వేసి దించండి. చెయ్యి కాలనంత వేడి వున్నప్పుడే వుండలు కట్టాలి. చల్లారితే పొడి రాలుతుంది. అలా అయితే భయపడకండి, రెండు చెంచాల పాలు చిలకరించి కాస్త వేడి చేస్తే మళ్ళీ దారికి వస్తుంది. పచ్చికొబ్బరి కనక రెండు రోజులకన్న బయట వుంచకూడదు. ఫ్రిజ్‌లో పెడితే వారం వుంటుంది.

సున్నుండలు

మినప్పప్పు రెండు గ్లాసులు, బెల్లం తురుము గ్లాసున్నర, కరిగిన నెయ్యి ముప్పావు గ్లాసు. పొట్టు మినప్పప్పు అయితే రుచి ఎక్కువ, రంగు తక్కువ. రెండూ కావాలంటే సగం సగం వేసుకోండి. ఈ వంటలో పని అంతా వేయించడంలోనే వుంది. సన్నని సెగమీద పప్పుని ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా వుంటుంది. ఆ పచ్చివాసన ఎంత నెయ్యి పోసినా పోదు. బాగా చల్లారాక మరపట్టండి. మరీ మెత్తగా వద్దు, నోటికి పలుకు తగలాలి. లేకపోతే అంగుట్లో అంటుకుంటుంది. బెల్లం తురుము కలిపి ఇంకోసారి తిప్పితే రెండూ ఏకమవుతాయి. తరవాత నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ, వుండ నిలిచేదాకా కలిపి చుట్టుకోవాలి. నీటి చుక్క తగలకుండా చేస్తే పదిహేను రోజులు నిలవవుంటాయి. బడినుంచి వచ్చిన పిల్లలకి ఒకటి ఇస్తే రాత్రి భోజనం దాకా మళ్ళీ ఏమీ అడగరు.

ఇక అడగని ప్రశ్న మిగిలింది.

మరుసటి సంక్రాంతికి మేము మా అత్తగారిని తీసుకువెళ్ళాం. మావారు మళ్ళీ మోకాళ్ళ మాట ఎత్తారు. ముందుగా డాక్టరుగారిని అడిగాం. మధ్య మధ్య దిగి నాలుగడుగులు వేస్తూ వుంటే కూచున్నందువల్ల ప్రమాదమేమీ లేదన్నారు. ముందు సీటు ఆవిడకి ఇచ్చాం. నడుము వెనక చిన్న దిండు పెట్టాం. గంటన్నరకోసారి ఆగి అయిదు నిమిషాలు నడిపించాం. మందులు పెట్టెలో అడుగున కాకుండా నా చేతిసంచీలో పెట్టుకున్నాను. ఒక సంగతి ముఖ్యంగా చెప్పాలి. ప్రయాణంలో ఎక్కడ దిగవలసివస్తుందోనని మొహమాటపడి పెద్దవాళ్ళు మంచినీళ్ళు తాగడం మానేస్తారు. నీరసం వచ్చేది దానివల్లనే. పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా వాళ్ళు అడక్కుండానే ఆపితే ఆ బాధ వుండదు. మేడమీద గది తీసుకోకండి. రాత్రి మెత్తటి అన్నం, చారు, పెరుగు ముందే చెప్పి చేయించండి.

ఇంత చేస్తే మాకు అదనంగా అయిన ఆలస్యం ఎంతనుకున్నారు? విజయవాడ నుంచి రావులపాలెం సుమారు 130 కిలోమీటర్లు. గంట ఆలస్యం అయింది. ఒక్క గంట. ఆ గంట కోసమే కిందటిసారి ఆవిణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళాం.

అంబాజీపేటలో పొట్టిక్క ఆకు విప్పి, ఆవిడ తినకుండా ముందు వాసన చూశారు. తరవాత రెండు తిన్నారు. ఇంటిదగ్గర పొద్దున్న ఒక ఇడ్లీ తినడానికి పేచీ పెట్టే మనిషి! లొల్ల లాకుల దగ్గర కాలవ గట్టున కారు ఆపమన్నారు. దిగి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, నీళ్ళవైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. తిరిగి వచ్చి కూచుని, "ఇంక పద నాయనా, పిల్లలకి ఆకలవుతుంది" అన్నారు.

ఆ సోదరికి నేను రాసేది ఇంతే. హోటలు ఏదైనా ఫరవాలేదు, నాలుగు గుర్తులూ చూసుకోండి. మిఠాయి ఏదైనా ఫరవాలేదు, సగం పని ఇంటికి మిగిలేలా తెచ్చుకోండి. మీ అత్తగారు రాలేని స్థితిలో వుంటే ఆవిడ చేతికి పని దొరికేది తెండి. రాగలిగితే మాత్రం, ఆవిడ అడిగేదాకా వుండకుండా మీరే అడగండి. పెద్దవాళ్ళు ఒక్కసారే అడుగుతారు, కొందరు ఆ ఒక్కసారీ అడగరు.

ఇదంతా రాసి మా అత్తగారికి చదివి వినిపించాను. రేకుల సంగతి విని నవ్వుకున్నారు. చివరికి, "సున్నుండలకి ముప్పావు గ్లాసు నెయ్యి ఏం సరిపోతుందే? గ్లాసు అని రాయి" అన్నారు. నేను దిద్దలేదు. ముప్పావుతో మొదలుపెట్టండి. మీ ఇంట్లో కూడా గ్లాసు పొయ్యమనే వాళ్ళు వుంటే, వాళ్ళ మాటే వినండి.